మెగ్నీషియం మాత్రలు – మానసికమైన కుంగుబాటు

2017లో అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ‘ప్లాస్ వన్’ అనే పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. డిప్రెషన్, అనగా మానసికమైన కుంగుబాటు, స్వల్పంగానో ఒక మోస్తరుగానో ఉన్న 126 మంది వయోజనులను వారు పరీక్షకు తీసుకున్నారు. ఆరు వారాలపాటు రోజుకు 248 మిల్లీగ్రాముల మెగ్నీషియం లభించేట్లు మెగ్నీషియం క్లోరైడు మాత్రలిచ్చారు. మరి ఆరు వారాలు ఇవ్వలేదు. రోగులు తమ స్థితిని తామే 27 మార్కుల ప్రశ్నావళిలో సూచించగా, మాత్రల మూలంగా కుంగుబాటు సుమారు 6 మార్కులు తగ్గినట్లు తేలింది. కనుక మెగ్నీషియం గుణకారి అని వ్యాసకర్తల తీర్పు.

దీని వెనుక ఉన్న ఊహ కొట్టివేయదగినది కాదు. మెదడులో గ్లూటమేట్‌కు స్పందించే ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకాల ద్వారంలో మెగ్నీషియం అయాను బిరడావలె అడ్డుపడి, కాల్షియంను లోనికి పోనీయదని 1984లోనే తెలిసింది. కుంగుబాటును త్వరగా తగ్గించే కెటమిన్ అనే మందు కూడ ఈ గ్రాహకాలనే అడ్డగిస్తుంది. అయితే ఊహ సొగసైనదైనంత మాత్రాన ప్రయోగంలోని లోటు పూడదు.

ఈ ప్రయోగంలో పోలికకు మాత్రలు లేని కాలం ఉన్నది గాని, మందు లేని ఉత్తమాత్ర లేదు. తాను మందు పుచ్చుకొంటున్నానని ప్రతి రోగికీ తెలుసు. మార్కులు వేసేదీ ఆ రోగే. ఉత్తమాత్రతోనే కొంత తేరుకొనేవారు కుంగుబాటు రోగులలో తక్కువేమీ కాదు. మరి ఆ 6 మార్కులలో మెగ్నీషియం వాటా ఎంత, నమ్మకం వాటా ఎంత? విడదీసే ఉపాయం లేదు. బ్లాంక్ అవసరమైన టైట్రేషన్‌లో దానిని వదలివేసిన విద్యార్థి రికార్డు మీద ఏ అధ్యాపకుడూ సంతకం చేయడు! పరిశోధకులు తమ పద్ధతిని దాచలేదు, నిజమే. భేదిఉప్పు కూడ మెగ్నీషియం లవణమే గనుక, ఉత్తమాత్ర ఏదో మందు ఏదో రోగి కడుపే చెప్పివేసే ప్రమాదమూ ఉన్నది. అయినా తీర్పులో మరికొంత సంకోచం ఉండవలసింది.

రక్తంలో మెగ్నీషియం ఎంత ఉన్నా ఫలితం ఒకే తీరుగా ఉన్నదట. లోటు తీరడం వల్లనే గుణమిచ్చినదైతే, లోటున్నవారికి ఎక్కువ మేలు కనబడాలి గదా! కాని రక్తపరీక్షనూ పూర్తిగా నమ్మలేము. శరీరంలోని సుమారు 25 గ్రాముల మెగ్నీషియంలో సగానికి పైగా ఎముకలలో ఉంటుంది. రక్తరసంలో ఉండేది నూటికి ఒక వంతు కూడ కాదు.

వైద్యుడిచ్చిన మందు మాని ఈ మాత్రలు వాడవచ్చునా అన్న ప్రశ్నను ఆ పరీక్ష అసలు వేయనేలేదు. విషలక్షణాలకై దగ్గరుండి కనిపెట్టనక్కరలేదన్న మాట మూత్రపిండాలు సరిగా ఉన్నవారికే చెల్లుతుంది. అదనపు మెగ్నీషియంను బయటికి పంపేవి అవే. అవి బలహీనపడితే అది రక్తంలో నిలిచి, కండరాలను సడలించి, గుండె లయను సైతం చెరుపగలదు.