పటం లోపలికొచ్చింది, డక్కలాయన వాకిట్లనే ఉన్నడు

ఏప్రిల్ 14 కావచ్చు, జూలై 7 కావచ్చు, మన సంబురాలు ఒక తీరుకు అలవాటు పడ్డయి. పొద్దుగూకంగ సభ మొదలైతది. ముందు డప్పు. తర్వాత వక్తలు. వక్తకూ వక్తకూ నడుమ చిందు, ఒగ్గు, కిన్నెర. జనం లేచిపోతున్నరని తెలిసినంక, "అంతరించిపోతున్న అరుదైన కళారూపం" అని మైకుల చెప్పి డక్కలాయనను పిలుస్తరు. పది నిమిషాలు. శాలువా. ఫోటో. నిర్వాహకులు మంచోళ్ళే, చాలామంది నాకు దోస్తులే. ఇట్లాంటి సభలకు నేను కూడ కుర్చీలు మోసిన. కాబట్టి ఈ విమర్శ అవతలి గట్టు మీద నిలబడి రాస్తున్నది కాదు.

మొన్నటేడు ఒక జిల్లా కేంద్రంల జరిగిన సభల ఒక డక్కలాయన పటం పట్టుకొని వేదిక ఎక్కిండు. డెబ్బయేండ్లు దాటినోడు. "అయ్యా, ఎక్కడికెల్లి అందుకొమ్మంటరు?" అని అడిగిండు. మైకు పట్టుకున్న మన పిలగాడు, పాతికేండ్లోడు, "ఏదన్న మంచి భాగం చెప్పు, జల్ది ఒడగొట్టు" అన్నడు. ముసలాయన 'మీరు' అంటున్నడు, పిలగాడు 'నువ్వు' అంటున్నడు. సభల ఉన్న ఎవ్వరికీ అది ఎబ్బెట్టుగ అనిపియ్యలేదు. నాకు కూడ ఇంటికొచ్చినంకనే తట్టింది. పటం మూడు మూరలు విప్పకముందే చప్పట్లు కొట్టి దించిన్రు.

ఎక్కడికెల్లి అందుకోవాలె? ఆ ప్రశ్నకు జవాబు తెలవకుంటనే మనం దళిత సంస్కృతి గురించి చానా రాసినం.

తెలంగాణల ఎన్నో కులాలకు తమ కథ చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నయి. పద్మశాలీలకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్తరు. గొల్లలకు మందెచ్చులోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు. మాదిగలకు జాంబపురాణాన్ని డక్కలోళ్లు చెప్తరు, చిందోళ్లు ఆడుతరు. ఏ కుటుంబం ఏ ఊర్లు తిరగాలె అన్నది తాతల నాటి నుంచి పంచుకున్న మిరాశి. చెప్పేటోనికి అది హక్కు, వినేటోనికి బాధ్యత. పులికొండ సుబ్బాచారి వంటి పరిశోధకులు ఈ కులపురాణాల మీద వివరంగా పనిచేసిన్రు. రాజులు శాసనాలు చెక్కించుకున్నరు, దొరలు వంశవృక్షాలు రాయించుకున్నరు. మనకు శాసనం లేదు. మనకున్న రాతకోత అంతా చెర్యాల నకాషోళ్లు గీసిన బట్ట మీద, దాని ముందట నిలబడి చదివే డక్కలాయన నోట్లె ఉన్నది.

ఆ బట్ట సంగతి కొంచెం చెప్పాలె. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, గంజి, బంక కలిపి పూతలు పూస్తరు. ఎర్రటి నేల మీద బొమ్మలు. పైనుంచి కిందికి అడ్డపట్టీలు పట్టీలుగా కథ నడుస్తది. విప్పుతాపోతే ఇంటి పొడుగు దాటిపోతది. గీసేది నకాషాయన. ఏ బొమ్మ ముందు, ఏ బొమ్మ వెనుక, ఎవరి చేతుల ఏముండాలె అన్నది చెప్పి గీయించుకునేది కథ చెప్పేటాయన. అంటే పటానికి కర్తలు ఇద్దరు. పటం పాతబడి చినిగితే ఊకె పారెయ్యరు. మనిషికి చేసినట్టు కార్యం చేసి నీళ్లల్ల కలుపుతరు. ఇయ్యాల చెర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. హస్తకళల దుకాణాలల్ల మాస్కులు, గోడకు తలిగేసే చిన్న పటాలు అమ్ముతున్నరు. నకాషీ కుటుంబాలు దాని మీద బతుకుతున్నయి, అది మంచిదే. అయితే ఆ గుర్తింపు గీసిన చెయ్యికి వచ్చింది. చెప్పిన నోటికి రాలేదు. గోడకు తలిగేసిన పటంల కథ మొదలూ లేదు, కొసా లేదు. దాన్ని చదవగల మనిషి ఆ ఇంటి గేటు కాడికి పోతే కాపలాదారు లోపటికి రానియ్యడు.

ఇప్పుడు అసలు కథకు వస్త. జాంబపురాణం చెప్పేవాళ్లను బట్టి, ఊరును బట్టి మారుతది. మూలం మాత్రం ఒకటే. భూమి పుట్టకముందు ఆరు నెలలకు ఆదిజాంబవుడు పుట్టిండు. దేవుళ్ళ కంటె ముందటోడు. మన సభలల్ల వినిపించేది ఈ ముక్కనే. వేదిక మీద "మేమే ఆదివాసులం, మేమే మూలపురుషులం" అని వక్త అనంగనే డక్కలాయన ఈ ముక్క అందుకుంటే చప్పట్లు మోగుతయి. బాగనే ఉంటది. కాని పురాణం అక్కడ ఆగదు. తర్వాత కామధేనువు వస్తది. ఆవు చచ్చిపోతది. దాని మాంసం వండే పని జాంబవుని మీద పడతది. ఒక చెప్పుకోలుల, కూర ఉడుకుతుంటె పొంగి ఒక ముక్క కింద పడతది. దాన్ని ఎత్తి, మట్టి ఊది, మళ్ల కుండల ఏస్తరు. ఆ ఊదినందుకు మైల. మైల అయినందుకు శాపం. కలియుగంల ఊరి బయట బతుకుపొమ్మని.

ఈ రెండో సగాన్ని మనోళ్లు వేదిక మీదికి రానియ్యరు. ఎందుకు? సిగ్గు. ఇది బ్రాహ్మణీయ భావజాలం మన నోట్లె పెట్టిన కథ అని ఒక వాదం ఉన్నది. ఆవు మాంసం తిన్నందుకే అంటరానోళ్లయిన్రు అని చెప్పే కథను మనమే చెప్పుకునుడేంది అని అడుగుతరు. దానిల నిజం లేదనను. 1909ల అచ్చయిన థర్‌స్టన్ సంపుటాలల్ల మాదిగల పుట్టుక కథలు ఎక్కినప్పటి నుంచి అధికారులు, పండితులు ఇట్లాంటి కథలను "తమ హీనత్వాన్ని తామే ఒప్పుకున్న సాక్ష్యం" తీరుగనే చూసిన్రు.

కాని కథను పూర్తిగ విన్నోనికి ఇంకోటి కూడ కనవడతది. వండుమన్నది ఎవరు? దేవతలు. పంక్తిల కూసున్నది ఎవరు? దేవతలు. శాపం ఎవలకు? వండినోనికి. ఇది ఒప్పుకోలు కాదు, ఫిర్యాదు. వెట్టి చేసినోడు రాత్రిపూట తన వాకిట్ల కూసోని, పేరు పెట్టి చెప్పలేని దొరను దేవుని పేరు పెట్టి చెప్పుకున్న ఫిర్యాదు. చిందోళ్లు ఆడే జాంబపురాణంల బ్రాహ్మణుడు ఎదురొస్తడు, జాంబవుడు వానితోని పుట్టుక గురించి వాదం పెట్టుకుంటడు. నవ్వులాట నడుస్తది. ఆ నవ్వుల విషం ఎంత ఉన్నదో పది నిమిషాల తునకల తెలవదు. గొప్పతనం ఉన్న సగం ఉంచి, నొప్పి ఉన్న సగం కోసేస్తే మిగిలేది మన చరిత్ర కాదు, మన కరపత్రం. కరపత్రం కూడ కావాల్సిందే. దానికి డక్కలాయనను బస్సుల తోలుకరావలసిన పని లేదు.

మన రాతలు కూడ ఇంతకంటె మేలు చెయ్యలేదు. 1995ల 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పటి నుంచి దళిత కవిత్వంల డప్పు, చెప్పు, ఆరె, లంద ఎన్నోసార్లు ప్రతీకలయినయి. కవులు వాటిని సరిగనే వాడుకున్నరు. కాని ప్రతీకకు పూట గడవాల్సిన పని లేదు, మనిషికి ఉన్నది. నిజామాబాదు చిందుల ఎల్లమ్మ ఆడ మగ వేషాలు రెండూ కట్టి ఊరూరు ఆడింది. 2005ల చనిపోయింది. ఆమె మీద మన విమర్శకులు రాసిన దానికంటె ఆమె చనిపోయినంక కొట్టిన సంతాప సందేశాలే ఎక్కువ ఉంటయి. గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024ల పద్మశ్రీ వచ్చింది. డక్కలి కులంల పుట్టిన దర్శనం మొగిలయ్యకు పన్నెండు మెట్ల కిన్నెరకు 2022ల వచ్చింది. సినిమాల ఆయన గొంతు విన్నంక రాష్ట్రమంతా ఆయన పేరు తలిచింది. రెండేండ్లు దాటంగనే, 2024ల, పూట గడవక ఆయన కూలి పనికి పోతున్నడని పత్రికలు రాసినయి. బిరుదు ఒక్క మనిషికి వస్తది. మిరాశి ఊరందరిది. ఊరు తన బాధ్యత వదులుకున్న చోట బిరుదు అక్కరకు రాదు.

ఇక్కడ మనకు మనం చెప్పుకోవాల్సింది ఒకటి ఉన్నది. నేను మాదిగను. డక్కలోళ్లు మమ్ములనే అడుక్కుంటరు, ఇతరులను అడగరు. వాళ్లు మా వాడ కొసకు గుడిసెలు ఏసుకుంటరు. మా ఇండ్లల్లకు రారు. రానియ్యం. ఊరు మమ్ములను ఎక్కడ నిలబెట్టిందో, మా వాడ వాళ్లను దానికి ఇంకా అవతల నిలబెట్టింది. మా పురాణంల వాళ్లకు ఇచ్చిన జాగ కూడ అదే, కథ చెప్పి అడుక్కునే హక్కు. హక్కు అన్న మాట ఎంత బాగున్నా, అడుక్కునుడు అడుక్కునుడే. అందుకే "పాత పద్ధతి పోతున్నది, కాపాడుకోవాలె" అని ఊకనే అంటే నేను ఒప్పుకోను. ఏ పద్ధతిని? కథనా, గుడిసెనా? డక్కలి పిలగాడు పటం వదిలి సెంట్రింగు పనికి పోతే ఆయన తప్పు చేసినట్టు మాట్లాడే అధికారం మనకు లేదు.

1994ల దండోరా మొదలైనప్పుడు మనం అడిగింది ఇదే గద, ఎస్సీ అన్న ఒక్క పేరు కింద అందరూ సమానం కాదని. 2004ల సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతదన్నది. 2025ల తెలంగాణ చట్టం 59 కులాలను మూడు గుంపులు చేసింది. డక్కలోళ్లు ఒక శాతం వచ్చే మొదటి గుంపుల, మాదిగలు, చిందోళ్లు తొమ్మిది శాతం వచ్చే రెండో గుంపుల. ముప్పయేండ్లు కొట్లాడి తెచ్చుకున్న న్యాయం ఇది. ఆ న్యాయం అడిగిన నోటితోనే వాకిట్ల ఉన్నోన్ని 'నువ్వు, జల్ది ఒడగొట్టు' అంటున్నం.

జాంబపురాణాన్ని రికార్డు చేసేటోళ్లు ఉన్నరు, అచ్చేసేటోళ్లు ఉన్నరు. చెయ్యాల్సిందే. అయితే పుస్తకం అట్ట మీద సేకర్త పేరు పెద్దగ, చెప్పినాయన పేరు లోపల కృతజ్ఞతల పేజీల ఉంటే అది కూడ ఒక వెలివాడనే. చెప్పినాయన పేరు అట్ట మీద ఉండాలె, వచ్చిన పైసల వాటా ఉండాలె. ఆయన తన కులం గురించి తానే ఏం చెప్పుకుంటడో అది కూడ అచ్చు కావాలె. మా పురాణంల ఆయనకు రాసిపెట్టిన నాలుగు మాటలు చాలవు.

ఆ సభ అయినంక బస్టాండు కాడ ముసలాయనతోని చాయ తాగిన. మొత్తం పటం విప్పుతె ఎన్ని రాత్రులు పడతది అని అడిగిన. "మీ వాడల ఏర్పాటు జెయ్యిండ్రి అయ్యా, జూత్తరు" అన్నడు. నేను అక్కడికెల్లే మా ఊరికి ఫోన్ చేసిన. మా పెదనాయన సంబురపడ్డడు. చిన్నప్పుడు విన్న అన్నడు, జాంబవుని పుట్టుక గురించి రెండు మాటలు పాడి వినిపించిండు. చందాలు పోగుచేస్తమన్నడు, టెంటు, మైకు చూసుకుంటమన్నడు. అన్నాలు ఎట్ల అంటే, వండి పంపుతమన్నడు. అన్ని రాత్రులూ ఆయన పండుకునుడు ఎక్కడ అని అడిగిన. ఫోన్ల కొద్దిసేపు మాట లేదు. "అది తర్వాత జూద్దాం గాని బిడ్డా, ముందు తారీకు చెప్పు" అన్నడు.