రంగును విప్పే రాగి

చీర కొనేటప్పుడు మనం అడిగే మొదటి మాట, "రంగు పోదు కదా?" పోచంపల్లి అయినా పుట్టపాక అయినా, గద్వాల, నారాయణపేట అయినా, నేతన్న ధీమాగా పోదనే చెబుతాడు. చిక్కంతా ఆ ధీమాలోనే ఉంది. ఎండకూ సబ్బుకూ లొంగని రంగు కుంటలో కలిసినా లొంగదు.

అద్దకం జరిగే చోట కాసేపు నిలబడండి. సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టిన నూలును రంగులో ముంచుతారు, ఎత్తి పిండుతారు, మళ్లీ ముంచుతారు. కట్టు కింద నూలు తెల్లగా ఉండిపోతుంది, మిగతాది రంగు తాగుతుంది. తాగగా మిగిలింది నీళ్లలోనే ఉంటుంది. రియాక్టివ్ రంగుల్లో కొన్ని పదో వంతు, కొన్ని సగం దాకా ఇలా మిగిలిపోతాయి. పారబోస్తే మోరీ ఎర్రగానో నీలంగానో పారుతుంది.

నీటిని బాగుచేసే ఒక విద్యకు మన జిల్లా పేరే ఉంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే నల్లగొండ పద్ధతి అది. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. పటికతో కొన్ని రంగులనూ దించవచ్చు. అయితే దిగిన రంగు రంగుగానే ఉంటుంది, నీళ్లలోంచి బురదలోకి చేరుతుందంతే. నాకు లాకేస్ అనే ఎంజైమ్ మీద మనసు పడింది ఇక్కడే. అది రంగు చోటు మార్చి ఊరుకోదు, దాని ముడే విప్పుతుంది.

సింథటిక్ రంగుల్లో పెద్ద కుటుంబం అజో రంగులది. రెండు నత్రజని పరమాణువులు రెండు పేటలుగా ముడిపడితే అజో బంధం. ఆ ముడి తెగితే రంగు పోతుంది. కుంట అడుగున గాలి అందని బురదలో కొన్ని బ్యాక్టీరియాలు కూడా దాన్ని తెంచగలవు. నీళ్లు తేటబడతాయి కానీ తెగిన ముక్కలు అరోమాటిక్ అమీన్లు, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. తేటదనాన్ని చూసి మోసపోకూడదు.

లాకేస్ పనితీరు వేరు. దానిలో నాలుగు రాగి పరమాణువులు ఉంటాయి. మొదటిది వాకిట్లో కూర్చున్నట్టు రంగు అణువు నుంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. సుమారు 1.3 నానోమీటర్ల అవతల మిగతా మూడూ గుంపుగా ఉంటాయి, అందుకున్న ఎలక్ట్రాన్ అక్కడికి చేరుతుంది. ఇలా నాలుగు పోగయ్యాక ఒక ఆక్సిజన్ అణువు వాటిని తీసుకుని రెండు నీటి అణువులవుతుంది. మధ్యలో హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిదేదీ బయటికి జారదు. నూలును ఆసు పోసేవాళ్ల చేతుల్లో కూడా ఇంతటి లెక్క చూడం. ఇంకో ముచ్చట: ఆ మొదటి రాగి వల్ల శుద్ధి చేసిన లాకేస్ నీలంగా కనిపిస్తుంది. రంగు తీసే పనిమంతుడికీ ఒక రంగు!

1883లో జపాన్ శాస్త్రవేత్త యోషిదా దీన్ని లాకర్ చెట్టు పాలలో గుర్తించాడు. మోడుబారిన చెక్కను తెల్లగా కుళ్లబెట్టే శిలీంధ్రాల్లోనూ ఇది దండిగా ఉంటుంది. 1995లో చివుకుల, రంగనాథన్ అనే ఇద్దరు పరిశోధకులు ఫినాల్ తరహా అజో రంగులపై దీన్ని ప్రయోగించి, ముడిలోని నత్రజని వాయువుగా వెళ్లిపోయే దారిని వివరించారు. మనం పీల్చే గాలిలో 78 శాతం ఉన్న వాయువే అది. వాళ్లు లాకేస్ తీసిన శిలీంధ్రం ఏదంటే, పైరిక్యులేరియా ఒరైజే. మిర్యాలగూడ రైతుకు ఆ పేరు తెలియకపోవచ్చు గానీ, వరికి అది తెచ్చే అగ్గి తెగులు మాత్రం బాగా తెలుసు.

ఎంజైమ్‌ను నీళ్లలో ఉత్తినే కలిపితే నీళ్లతోపాటే పోతుంది, ఖర్చు మోయలేం. అందుకే ప్రయోగశాలల్లో దాన్ని సోడియం ఆల్జినేట్ ద్రావణంలో కలిపి, కాల్షియం క్లోరైడ్ నీటిలోకి చుక్కచుక్కగా వదులుతారు. ప్రతి చుక్కా తాకీ తాకగానే గట్టిపడి సగ్గుబియ్యం గింజలా తయారవుతుంది. గింజలోకి రంగు నీరు చొరబడుతుంది, లోపలున్న ఎంజైమ్ చాలావరకు అక్కడే ఉంటుంది. వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు.

దీనికీ పట్టింపులున్నాయి. శిలీంధ్రాల లాకేస్‌కు సాధారణంగా కాస్త పులుపు నీళ్లు కావాలి, అద్దకం నీళ్లేమో సోడాతో ఘాటుగా ఉంటాయి. ముందు ఆ ఘాటు దించాలి. ఎక్కువగా వాడే రియాక్టివ్ బ్లాక్ 5 లాంటి నలుపు దీనికి ఒంటరిగా సులువుగా లొంగదు. ఎలక్ట్రాన్‌ను అటూ ఇటూ మోసే చిన్న అణువు ఒకటి మధ్యవర్తిగా కావాలి. నీలిమందుతో అంత పేచీ లేదు. జీన్స్ బట్టను వెలిసినట్టు చేయడానికి పరిశ్రమలు లాకేస్‌ను కూడా వాడుతున్నాయి. కొన్నిసార్లు తెగిన ముక్కలు మళ్లీ జతకట్టి కొత్త రంగు తేల్చడమూ ఉంది కనుక, తేటబడ్డ నీటిని పరీక్షించాల్సిందే.

ఇక ఉప్పు. రియాక్టివ్ రంగు నూలుకు పట్టడానికి గంపల కొద్దీ వేసే ఆ ఉప్పు లాకేస్‌నే మందగింపజేస్తుంది, రంగు పోయాక కూడా నీళ్లలోనే ఉంటుంది. దాన్ని తీయడం ఈ నాలుగు రాగుల పని కాదు.