చిల్లర ఖర్చులు

చిల్లర అనే మాట డబ్బు గురించి వాడినప్పుడు ఎవరినీ నొప్పించదు. ఆడవాళ్ల గురించి వాడేసరికి తిట్టయిపోతుంది. చిల్లర మాటలు, చిల్లర తిరుగుళ్లు, చిల్లర పుస్తకాలు. మార్టూరులో మా ఇంట్లో ఈ మూడూ వింటూ పెరిగాను. తరవాత యూనివర్సిటీకి వెళ్లి, అదే మాటని కాస్త ఇస్త్రీ చేసి "కాలక్షేప సాహిత్యం" అని నా ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసంలో రాశాను. అందులో ఒక అధ్యాయాన్ని ఇప్పుడు నేనే తిరగరాసుకోవాల్సి వచ్చింది. కారణం మా అమ్మ లెక్కల పుస్తకాలు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మ పాత ట్రంకు పెట్టె సర్దుతోంది. అందులో 1983 నుంచి 1990 దాకా ఎనిమిది పుస్తకాలు, దారంతో కట్టి ఉన్నాయి. నాన్నది గొలుసు రాత, అమ్మది గుండ్రటి రాత. అందుకని వ్యవసాయం లెక్కలు నాన్న చెబుతుంటే అమ్మే రాసేది. పత్తి తీత కూలి, మిరప కోత కూలి, గోతాలు, గుంటూరుకి లారీ కిరాయి, కమీషను, మందు. కింద ఒక గీత కొట్టి ఇంటి ఖర్చు. అది ఎవరూ చెప్పకుండా అమ్మ రాసుకునేది. ఆదివారం నాన్న మొత్తం చూసి కూడేవాడు.

ఆ ఇంటి ఖర్చులో దాదాపు ప్రతి సోమవారం ఒకే పద్దు: "మందులు - రూ. 1.50". ఎనిమిదేళ్లు! మా ఇంట్లో అంత జబ్బు మనిషి ఎవరా అని నాకు అర్థం కాలేదు. నాయనమ్మ గట్టిమనిషి. తమ్ముడికీ నాకూ జ్వరాలొస్తే రాసిన ఖర్చు వేరే ఉంది.

"ఎవరికమ్మా ఇన్ని మందులు?" అన్నాను.

అమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి నవ్వింది. "ఎవరికీ ఏం లేదే. అయ్యి అద్దె పుస్తకాలు."

"మరి మందులని రాశావేం?"

"పుస్తకాలని రాస్తే మీ నాన్న ఎందుకంటాడు. మందులంటే ఎవరడుగుతారు?"

బస్టాండు వెనక సైకిలు షాపుని ఆనుకుని ఒక చెక్క బడ్డీలో ఉండేది ఆ అద్దె పుస్తకాల కొట్టు. వారపత్రికకి రోజుకి పావలా, నవలకి అర్ధరూపాయి. అమ్మ తెప్పించే నవల ఆ రోజు మా ఇంట్లోనే ఉండేది కాదు. మధ్యాహ్నం రెండింటికి మా ఇల్లు, మూడున్నరకి వెనకింటి పిన్ని, దీపాలవేళకి పక్క వీధిలో దొడ్డమ్మ. ఒక అద్దెకి ముగ్గురు చదివేవాళ్లు. చూపు ఆనని నాయనమ్మకి చింతపండు గింజలు తీస్తూ అమ్మ సగం కథ చెప్పేది. మిగతా సగం చెప్పకుండా అట్టిపెట్టి ఆవిడ్ని ఊరించేది. మా ఇంట్లో అత్తా కోడళ్లు నవ్వుకోగా నేను చూసింది ఆ వేళల్లోనే.

నా సిద్ధాంత వ్యాసంలో ఇదేమీ లేదు. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ", కోడూరి కౌసల్యాదేవి "ప్రేమనగర్" వంటి నవలల్ని తీసుకుని, అందులో కార్లూ మేడలూ గల నాయకుడు మధ్యతరగతి ఆడపిల్లకి ఎలాంటి కలలు అమ్ముతున్నాడో రాశాను. ఆ నవలలు సినిమాలయ్యాక (1971లో "ప్రేమనగర్", 1976లో "సెక్రటరీ") ఆ కలలు ఇంకెంత దూరం పోయాయో కూడా రాశాను. రాసింది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆత్మాభిమానం గల ఆడపిల్ల చివరికి ధనవంతుడి చేతుల్లో వాలితేనే కథ పూర్తవుతుందనుకోవడంలో ఉన్న పితృస్వామ్యాన్ని ఎత్తిచూపాల్సిందే. అయితే నేను పుస్తకంలో ఏముందో చదివానే గాని, ఆ పుస్తకం ఆమె చేతికి ఎలా వచ్చిందో చదవలేదు. ఏ పద్దు కింద వచ్చింది, ఎవరికి తెలియకుండా వచ్చింది, ఎన్ని గంటలకి తిరిగిచ్చేయాలి? వీటిని అడగని విమర్శ పాఠకురాలి గురించి మాట్లాడుతున్నానని ఎలా చెప్పుకుంటుంది?

"మందులు" అన్న ఆ మాట తలలో పెట్టుకుని మన స్త్రీవాద కథల్నీ కవితల్నీ మళ్లీ చదివాను. అబ్బూరి ఛాయాదేవి గారి "సుఖాంతం"లో గృహిణి అడిగేది ఎంత చిన్నది! కంటినిండా నిద్ర. జీవితమంతా ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. ఆ నిద్ర చివరికి ఆమెకి మాత్రల రూపంలోనే దొరకాల్సి వస్తుంది. నా చదువుకునే రోజుల్లో దీన్ని ఒక విషాద వ్యంగ్యంగా మాత్రమే చూశాను. ఇప్పుడు చూస్తే ఆవిడ ఒక సామాజిక నియమాన్ని పట్టుకున్నారనిపిస్తుంది. ఇంట్లో ఆడదాని విశ్రాంతికి జబ్బు అనే పేరు పెడితే తప్ప అనుమతి లేదు. తలనొప్పి వస్తేనే పడుకోవాలి. అమ్మ తన ఒకటిన్నర రూపాయి సుఖాన్ని మందుల కింద రాసుకోవడమూ ఆ నియమం తెలిసి చేసిన పనే.

విమల గారి "వంటిల్లు" కవిత కూడా అంతే. ఆ కవిత వంటిళ్లని కూల్చమనే పిలుపుగానే మనకి గుర్తుంది. కానీ అది మొదలయ్యేది చిన్నపిల్లగా వంటింట్లో పొందిన వాసనల, రుచుల సంబరంతో. ఆ సంబరం ఉంది గనకే తరవాతి కోపానికి అంత బలం. అయితే సంబరం తినే పిల్లది, వండే తల్లిది కాదు. వండే మనిషి ఆనందించే క్షణం ఎక్కడైనా ఉంటుందా అన్న ప్రశ్న దగ్గర కవిత మనల్ని వదిలేస్తుంది. పి. సత్యవతి గారి "ఇల్లలకగానే"లో ఇల్లు తళతళలాడించే ఇల్లాలు ఆ అలికే ధ్యాసలో తన పేరే మర్చిపోతుంది. ఆ పేరు ఆమెకి భర్త దగ్గరా పిల్లల దగ్గరా దొరకదు. పాత స్నేహితురాలి దగ్గర దొరుకుతుంది. ఈ కథని శ్రమ గురించిన కథగా చాలాసార్లు పాఠం చెప్పాను. స్నేహం అనే సుఖం గురించిన కథగా ఒక్కసారీ చెప్పలేదు.

మన సాహిత్యం ఆడవాళ్ల అలసటని గీత గీతగా నమోదు చేసింది. అది ఆనాటి మొదటి అవసరం. అలసటని అలసట అని కూడా ఒప్పుకోని లోకంలో ముందు చేయాల్సిన పని అదే. కాకపోతే, ఆ పని చేస్తూ చేస్తూ సుఖాన్ని మార్కెట్‌కీ, సీరియళ్లకీ, వారపత్రికల ముఖచిత్రాలకీ వదిలేశాం. మనం వదిలేసిన ఆ చోటుని వాళ్లు బాగానే వాడుకున్నారు.

మళ్లీ లెక్కల పుస్తకం దగ్గరికి వస్తాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు 1987-88ని మర్చిపోలేరు. తెల్లదోమ పడి పైరు నల్లబారిపోయింది. ఎన్ని రకాల పురుగుమందులు కొట్టినా దోమ లొంగలేదు, అప్పులు మాత్రం పెరిగాయి. ఆ మందే తాగి ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది పుస్తకంలో పైభాగమంతా "మందు" పద్దులే. అక్టోబరు నుంచి కింద గీత దిగువన "మందులు" మాయమైపోయాయి. మళ్లీ కనపడింది ఏడాదిన్నర తరవాత. ఆ ఏడాదిన్నరలోనూ "సెంటరు ఖర్చు" అన్న పద్దు ఒక్క వారం ఆగలేదు. సెంటరు ఖర్చంటే నాన్న పొద్దునా సాయంత్రం సెంటర్లో తాగే టీ, సిగరెట్లు, పేపరు దగ్గర కబుర్లు. నాన్న చెడ్డవాడు కాదు. అప్పులవాళ్ల ముందు తల వంచుకున్న రోజుల్లో ఆయనకి ఆ టీ కొట్టు కావాలి. కాదనను. అమ్మకి మాత్రం ఏమీ అక్కర్లేదని ఎవరు నిర్ణయించారు? ఎవరూ నిర్ణయించలేదు. ఎవరూ ఏమీ అనకముందే అమ్మే మానేసింది. ఇంట్లో కరువొస్తే మొట్టమొదట ఎండిపోయేది ఏ పద్దో ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మన భాషలో మందుకి మూడో అర్థం కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది కూడా ఇంటి లెక్కే. కూలి ఎంత వచ్చింది, సారాకి ఎంత పోయింది, పొయ్యి మీదికి ఎంత మిగిలింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించేశారు. మగవాళ్ల మందు రాష్ట్ర బడ్జెట్‌లో ఆదాయపు పద్దయి కూర్చుంది. మా అమ్మ మందులు మాత్రం అబద్ధపు పద్దు కింద దాక్కున్నాయి.

ఇంతవరకూ రాసి, అమ్మని గొప్పదాన్ని చేసి ముగించేస్తే నాకు హాయిగానే ఉండేది. కానీ అమ్మ నోట "చిల్లర తిరుగుళ్లు" అన్న మాట ఎవరి గురించి వచ్చేదో కూడా రాయాలి. మా చేలోకి మిరపకోతలకి మాదిగపల్లె నుంచి ముఠాగా వచ్చే ఆడవాళ్ల గురించి. సాయంత్రానికి చేతులు మంటలెత్తిపోయేవి. మజ్జిగ పోసుకున్నా, నూనె రాసుకున్నా ఆ కోరు తగ్గదు. కన్ను నలుపుకోవడానికి లేదు, పిల్లని ముట్టుకోవడానికి లేదు. శివరాత్రి సరిగ్గా కోతల మధ్యలో వస్తుంది. కూలి డబ్బులు చేతిలో పడగానే వాళ్లంతా కలిసి కోటప్పకొండ తిరణాలకి పోయేవాళ్లు. ఎత్తయిన ప్రభలూ, వాటి మీద దీపాలూ చూసి, గాజులు వేయించుకుని, గోళీ సోడాలు తాగి, తెల్లవారి నిద్రమొహాలతో నవ్వుకుంటూ చేలోకి వచ్చేవాళ్లు. "వచ్చిన కూలంతా తిరణాలకే పోసొచ్చారు. చిల్లర తిరుగుళ్లు" అనేది అమ్మ. ఒకసారి ముఠా పెద్దావిడ, "మా డబ్బులేగా అమ్మగారూ" అని ఊరుకుంది. అమ్మ మాట్లాడలేదు. ఆ రోజు సోమవారమా కాదా అని ఇప్పుడు నాకు అనుమానం.

అమ్మ సుఖానికి ఇల్లు, కులం, పరువు అనే గోడలున్నాయి. వాటి చాటున దాచుకోగలిగింది, దాచుకోవాల్సీ వచ్చింది. వాళ్లకి దాచుకునే చాటు లేదు. మొగుడు కూలి లాక్కున్న ఇళ్లు అక్కడా ఉన్నాయి, అందుకని దీన్ని స్వేచ్ఛ అని తేలిగ్గా అనేయను. కానీ రోడ్డు మీద నలుగురూ చూస్తుండగా తన డబ్బుతో సోడా తాగిన మనిషిని చూసి, చాటుగా నవల చదివే మనిషి ఈసడించుకుంది. స్త్రీవాదులుగా మనం కూడా చాలాకాలం అమ్మ వైపునే ఉన్నాం. వంటిల్లే ఆడవాళ్లందరి చెర అనుకున్నాం. "నల్లపొద్దు" (2003), "నల్లరేగటి సాల్లు" (2006) వంటి సంకలనాలు వచ్చి, ఎవరి వంటిల్లు, ఎవరి చేను, ఎవరి కొంగు అని అడిగేదాకా మన లెక్కలో సగం పేజీ ఖాళీగానే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. సుఖం సుఖం అంటూ వస్తువుల వ్యామోహాన్ని వెనకేసుకొస్తున్నావా అని. కాదు. మా ఊళ్లో వాయిదాల మీద చీరలు, మిక్సీలు వచ్చాయి. వాటి వెనక వారం వారం వసూలు చేసే అప్పులు వచ్చాయి. ఆ వసూళ్ల వేధింపులకి ప్రాణాలు పోయి, 2010లో ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవాల్సినంత దాకా వెళ్లింది. అంచేత ప్రతి కొనుగోలూ విముక్తి కాదు. నాకు తోచిన కొలత ఒకటి చెబుతాను. కొన్నాక ఆ వస్తువు ఎవరికి పని పెంచుతుంది? మా ఇంటికి ఫ్రిజ్ వచ్చినప్పుడు "మీ అమ్మ కోసం" అన్నాడు నాన్న. దాన్ని తుడిచేదీ, నిన్నటి కూర దాచేదీ, చల్లనీళ్ల సీసాలు నింపేదీ అమ్మే. గోళీ సోడా అలా కాదు. తాగితే అయిపోతుంది. సీసా కొట్టువాడికి ఇచ్చేస్తాం. కడగక్కర్లేదు, దాచక్కర్లేదు, పిల్లలకి వాటా వేయక్కర్లేదు. ఆడదాని జీవితంలో ఇంకెవరికీ పనికిరానిది, తనకి మాత్రమే పనికొచ్చేది ఏముందో వెతికితే ఇలాంటివే నాలుగు దొరుకుతాయి.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. తెలంగాణలో అంతకుముందే, 2023 డిసెంబరులో మొదలైంది. బస్సులో వెల్లుల్లి వొలుచుకుంటున్న ఆడవాళ్ల వీడియోలు చూపించి నవ్వినవాళ్లు మీకు గుర్తుండే ఉంటారు. "పనీ పాటా లేక తిరుగుతున్నారు" అన్న మాట మా బస్టాండులోనూ విన్నాను. చిల్లర తిరుగుళ్లకి అది కొత్త పేరు. ఆస్పత్రికీ కూలికీ వెళ్తేనేమో సరైన ప్రయాణం. ఊరికే వెళ్తే దుబారా. ఉచిత ప్రయాణాన్ని సమర్థించే మనం కూడా ఉద్యోగాలు, చదువులు, వైద్యం అనే జాబితానే చదువుతున్నాం. అంటే మళ్లీ మందుల కిందే రాస్తున్నాం.

అమ్మకిప్పుడు డెబ్బై ఆరేళ్లు. నెలకి రెండుసార్లు వెనకింటి పిన్నితో కలిసి చిలకలూరిపేట వెళ్లొస్తోంది. పోయినసారి ఫోన్ చేస్తే బస్సులో ఉన్నానంది.

"పేటలో ఏం పనమ్మా?" అన్నాను, అలవాటుగా.

"పనేముంది? పోతున్నాం" అంది. పక్కన పిన్ని నవ్వు వినపడింది.

వచ్చే సంవత్సరం పాఠానికి "సుఖాంతం"తో పాటు అమ్మ లెక్కల పుస్తకంలో ఒక పేజీ కూడా పిల్లల ముందు పెడదామనుకుంటున్నాను. మీ ఇళ్లలోనూ ఇలాంటి పుస్తకాలు ఉండే ఉంటాయి. గీతకి దిగువన చూడండి. మందులని, పసుపు కుంకుమలని, పిల్లల బలపాలని రాసి ఉన్నవాటిలో కొన్ని అవి కావు. రాసినవాళ్లు బతికుండగానే అడగండి.