అతుకుల కెమెరాకు జాతకం రాయడం

పాత ఫిల్మ్ కెమెరా చేతికొస్తే చాలామంది ముందు పేరు చదువుతారు, వెంటనే ధర అడుగుతారు. నేనైతే స్క్రూలు చూస్తాను. చెయ్యి తిరిగిన మెకానిక్ విప్పి బిగించిన స్క్రూ గాడి అంచు చెక్కుచెదరదు. తొందరపడ్డవాడి చేతిలో అది నలిగి తెల్లగా మెరుస్తుంది. కెమెరా చరిత్రలో సగం అక్కడే తెలిసిపోతుంది.

విదేశీ కెమెరాల దిగుమతికి గట్టి కట్టడి ఉన్న దశాబ్దాల్లో నంద్యాల, ఆళ్ళగడ్డ లాంటి ఊళ్ల స్టూడియోలకు విడిభాగాలు ఎక్కడివి? చచ్చిన కెమెరా షట్టరు బతికున్నదానికి ఎక్కేది. చిరిగిన తోలు స్థానంలో రెక్సిన్ వచ్చేది. పెళ్లి మాత్రం ఆగేది కాదు.

అలా అతుకులు పడ్డ కెమెరాను గుర్తుపట్టడానికి యాషికానే తీసుకోండి. 1957లో వచ్చిన యాషికా మ్యాట్ తొలి కెమెరాలకు లుమాక్సార్ లెన్సు ఉండేది, తర్వాత యాషినాన్ వచ్చింది. 220 ఫిల్మే 1965లో పుట్టింది కాబట్టి, 12 ఫొటోలకూ 24 ఫొటోలకూ జరిగే ప్రెషర్ ప్లేటున్న తలుపు ఆ తొలి మ్యాట్‌కు కనబడితే అది వేరే కెమెరా తలుపే. 1968 నాటి 124 ముఖాన వెండి మెరుపు ఎక్కువ. 1970లో వచ్చిన 124జీ దాదాపు నలుపు. ఒకదాని ఒంటికి ఇంకోదాని ముఖం తగిలిస్తే ఎరిగిన కన్ను ఇట్టే పట్టేస్తుంది.

ఇక అసలు పనితనం సంగతి. యాషికా మ్యాట్ లాంటి ట్విన్ లెన్స్ కెమెరాలో చూసే లెన్సు, తీసే లెన్సు ఒక్క మాట మీద ఉండాలి. వేర్వేరు కెమెరాల నుంచి వచ్చిన జత అంత సులువుగా కుదరదు. మంచి మెకానిక్ ఫిల్మ్ ఉండేచోట గ్రౌండ్ గ్లాస్ పెట్టి, షట్టరు ‘బీ’లో తెరిచిపట్టి, దూరాన నల్లమల కొండల అంచు మీద గురిపెడతాడు. పై అద్దంలోనూ కింది గ్లాసులోనూ కొండ ఒకేసారి పదునుగా కనిపించేదాకా భూతద్దం వదలడు. పలుచటి వాషరు ఒకటి తీస్తాడు, ఒకటి వేస్తాడు. ఆ ఓపికకు ఎంత కూలి ఇచ్చినా తక్కువే! మన దక్షిణాది చేతికి కెమెరా కొత్తా? 1940ల్లో కేరళలోని అలెప్పీలో కె. కరుణాకరన్ టేకుచెక్క, ఇత్తడితో ‘వాగీశ్వరి’ ఫీల్డ్ కెమెరానే తయారుచేశారు.

ఏడాది తేల్చడానికి గుర్తులున్నాయి. కొడాక్ అమెరికా లెన్సుల నంబరు ముందున్న రెండు అక్షరాలు ఏడాదిని చెబుతాయి: ‘ఈఓ’ అంటే 1946. 1950ల మధ్య నుంచి చాలా సోవియట్ కెమెరాల నంబరులో మొదటి రెండంకెలు ఏడాదే. నికాన్ ఎఫ్ దగ్గర మాత్రం మోసపోకండి. 64తో మొదలైతే 1964ది అంటారు గానీ, 1959లో తొలి కెమెరాలే 64తో మొదలయ్యాయి. అతుకుల కెమెరాకు సూత్రం ఒక్కటే: ప్రతి భాగానికీ విడిగా ఏడాది కట్టండి. అన్నిటిలోకీ కొత్తది ఏ ఏడాదిదో, అంతకు ముందు ఆ కెమెరా ఈ రూపంలో లేదు.

నా కడుపుమంట వేరే ఉంది. 1948 నుంచి రష్యాలో తయారైన జోర్కీలను గీకి, ‘లైకా’ అని చెక్కి, జర్మన్ సైన్యం ముద్ర కొట్టి వేలకు వేలు గుంజుతున్నారు. లెన్సు విప్పి లోపల చూడండి. అసలు లైకాలో లెన్సును తాకేచోట గుండ్రటి చిన్న చక్రం ఉంటుంది. సోవియట్ ఫెడ్, జోర్కీల్లో ఎక్కువగా మొన లాంటి ముక్క. ఇలాంటివాటిని గాజు బీరువాల్లో పెట్టుకునే పెద్ద నగరాల సేకర్తలే, సీమ మెకానిక్ కష్టపడి బతికించిన కెమెరాను ‘పార్టుల బండి’ అని ఈసడిస్తారు. లైకా కంపెనీ తానే పాత కెమెరాలకు కొత్త భాగాలు వేసి ఇచ్చేది. అక్కడ ముచ్చటైనది ఇక్కడ కల్తీ ఎలా అవుతుంది? భాగాలు కలపడం తప్పు కాదు, దాచి అమ్మడం తప్పు.

స్టూడియో పెద్దలకు నాదొక మనవి. ఆ కెమెరాలను కిలోల లెక్కన పాత సామాన్లకు వేయకండి. వాటిని బాగుచేసిన మెకానిక్ ఇంకా ఉంటే కూర్చోబెట్టి అడగండి. ఏ భాగం దేని నుంచి వచ్చింది, ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు అన్నీ చీటీ మీద రాసి, తలుపు లోపల కాదు, తోలు కేసులో పెట్టండి. లోపల పెడితే ఫిల్మ్‌కు తగులుతుంది. జపాన్ కంపెనీ పేరు ముందు ఎలాగూ ఉంది, మనవాడి పేరు కూడా దానితోపాటు నిలవాలి.