మాచ్నూరు అవ్వల గొంతు

జహీరాబాద్ దగ్గరి మాచ్నూరులో దళిత మహిళలు నడిపిన సంఘం రేడియో అనగానే నాకు ముందు గుర్తొచ్చేది వాళ్ల ఓపిక. 1990ల చివర్లోనే స్టూడియో లేచింది, ప్రసారానికి అనుమతి మాత్రం లేదు. దాదాపు పదేళ్లు పాటలు, విత్తనాల ముచ్చట్లు, నాటు వైద్యం రికార్డు చేసి, ఆ క్యాసెట్లనే ఊరూరా సంఘాల్లో వినిపించారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు రేడియో ప్రసారానికి దారి తెరుచుకుంది. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్‌పై ఆ గొంతులు గాలిలోకెక్కాయి.

జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఇద్దరూ ఆ స్టేషనుకు ప్రాణం. జొన్నచేలో కలుపు తీసే మనిషి పక్కన కూచుని, ఆమె యాసను ఉన్నదున్నట్టు మైకులోకి పట్టడం ఎంత పనితనం! పుస్తకాల భాషలోకి దిద్దలేదు. రాత్రి ఏడింటికి, పొలం పని ముగించి ఇల్లు చేరినవాళ్లకు, పక్కింటి అవ్వ గొంతే రేడియోలో వినిపించేది.