లెక్క వచ్చు, ప్రశ్నే రాదు

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో షట్టర్లు దించిన దుకాణాల ముందు పాత పుస్తకాల గుట్టలు వెలుస్తాయి. ఒక్కోటి 40 చొప్పున మూడు, మొత్తం మీద ఓ పది తగ్గింపు, 200 నోటిస్తే తిరిగి 90: అంతా నోటి లెక్కే. ఇదే లెక్కను అచ్చులో నాలుగు వాక్యాలుగా పెడితే తడబడే పేదపిల్లల్ని 'లెక్కల్లో వీక్' అనేస్తాం. ఆ మాట తొందరపాటని నా వాదన. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరీక్షించి, 2025లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. కిలో ధర నుంచి 800 గ్రాముల ధర చటుక్కున కట్టే పిల్లల్లో చాలామంది బడి తరహా భాగహారం దగ్గర ఆగిపోయారు. బజారు ఎరగని బడిపిల్లలేమో బేరం లెక్కల్లో బోల్తాపడ్డారు. ఇది వీధి చిట్కా, గణితం కాదని కొట్టిపారేద్దామంటే బడిలో నేర్చిందీ బడి చిట్కాగానే మిగిలిందన్నమాట!

ఈ అగాధంలో భాష వాటా పెద్దదని నా అనుమానం. నాంపల్లిలో చాలా ఇళ్లలో ఉర్దూ, వీధిలో దక్కనీ, తెలుగు కలగలుపు, బడిలో ఇంగ్లిష్. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం విస్తరించి, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలొచ్చాయి. మంచి ఆలోచనే. కానీ ఉర్దూ ఇంటి పిల్ల చేతికి ఆ పుస్తకమే వస్తే రెండు పేజీలూ పరాయివే.

ప్రైవేటు బడిలో వేస్తే సరిపోదా అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో లాటరీ తీసి పేదపిల్లల్ని ప్రైవేటుకు పంపి చూశారు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. నాలుగేళ్లకు తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవాళ్లు ముందున్నారు. ఖర్చు తక్కువన్నది ప్రైవేటు బడుల ఘనతే, కాదనను. అసలు జబ్బు పేదరికమేనన్న మాట ఇంకా బలమైంది. మధ్యాహ్న భోజనం లేకపోతే బడికే రాని పిల్లలుంటారు, నిజం. అయితే అన్నం తిన్న పిల్ల ముందు మళ్లీ అదే అర్థంకాని ప్రశ్న పెడుతున్నాం కదా! తప్పు రాసిన లెక్కను టీచరు ఇంటి భాషలో చదివి వినిపిస్తే రెండు నిమిషాలు పడుతుంది. అప్పుడు చేయగలిగితే ఆ పిల్లకు కావాల్సింది చదవడం నేర్పడం. అప్పటికీ రాకపోతే పుల్లలు, చిల్లర నాణేలు ముందేసుకుని కూడికల నుంచి మొదలుపెట్టాలి.