వేసవిలోనే నత్తల వేట

వెలిగండ్లలో నత్తల గురించి రాస్తున్నానంటే కొందరికి వింతగా ఉంటుంది. తాగే నీటికే కటకటపడే మెట్ట మనది, నత్తలేమో తేమను వెతుక్కునే జీవులు. అయినా ఈశాన్య రుతుపవనాల వాన కురిసిన రాత్రి పెరట్లో టార్చి వేసి చూడండి. మిరప నారు మొదలంటా కొరికేసి ఉంటుంది, తోటకూర ఆకులు జల్లెడలై ఉంటాయి, నేల మీద మెరిసే జిగురు చారలు కనిపిస్తాయి.

ఇవి వానతో పుట్టుకొచ్చినవి కావు. ఎండలు ముదిరాక నత్త గుల్లలోకి ముడుచుకుని, మూతికి పలుచని పొర కట్టుకుని నెలల తరబడి కదలకుండా ఉండిపోతుంది. నేను దాన్ని వెతికేది అప్పుడే. పెరటి గట్టుకు వాడిన మార్కాపురం పలకరాయి ముక్కల కింద, కుండీల అడుగున, గోడ మొదట్లో గుంపులుగా అతుక్కుని ఉంటాయి. గుల్ల పెరగడానికి కాల్షియం కావాలి కనుక సున్నం కొట్టిన గోడల్ని కూడా గీకి తింటాయి. వానాకాలంలో రాత్రంతా వెతికినా దొరకనన్ని ఏప్రిల్లో ఒక్క ఉదయం దొరుకుతాయి.

అన్నిటికన్నా మొండిది ఆఫ్రికా పెద్ద నత్త. 1847లో విలియం బెన్సన్ అనే ఆంగ్లేయుడు మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చాడు, అక్కణ్నుంచి దేశమంతా పాకింది. ఆడా మగా ఒకే ఒంట్లో ఉండడంతో ప్రతిదీ గుడ్లు పెట్టగలదు, అదీ విడతకు వందకు పైగా. బయటి నుంచి తెచ్చిన మొక్క వేళ్ల మట్టిలో ఈ గుడ్లు రావచ్చు. అందుకే కొత్త మొక్కను నాటే ముందు ఆ మట్టిని విడదీసి చూడాలి.

చాలామంది ఉప్పు చల్లుతారు. నత్త చస్తుంది, నేలా చెడుతుంది. మన నీళ్లలో ఉన్న ఉప్పదనమే చాలు. వానలొచ్చాక సాయంత్రం తడి గోనెసంచి పరిచి, కింద బొప్పాయి ఆకులు పెట్టి, పొద్దున్నే ఏరి సబ్బునీళ్ల బకెట్లో వేయడం మేలు. చేతికి తొడుగు తప్పనిసరి, ఎలుకల ఊపిరితిత్తుల పురుగును ఇవి మోస్తాయి, అది మనిషి మెదడు పొరలకు వాపు తెస్తుంది. పెరటి ఆకుకూరను బాగా కడిగి ఉడికించే తినాలి. మందు గుళికలు కుక్కలకు ప్రాణాంతకం, నేను వాడను. జెముడు కాకి వచ్చి గుల్లలు పగలగొడుతుంటే మాత్రం దాని దారికి అడ్డు వెళ్లను.

నీళ్లు సాయంత్రం కాకుండా పొద్దున పోయండి, చీకటి పడేసరికి పైమట్టి ఆరుతుంది. గోడకు అవతలి వాళ్లతోనూ మాట్లాడి, రెండు వైపులా ఒకే వారంలో రాళ్లు ఎత్తి చూడండి.